చదివే గంట ఎవరికి అందింది

ఈ మధ్య కొత్తగా హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నా దగ్గరికి వస్తున్నారు. సూర్యాపేటలో మా ఇల్లు బస్టాండుకు దగ్గర కావడం ఒక కారణం. రిటైరయ్యాక నాకు వేరే పనేమీ లేదని అందరికీ తెలిసిపోవడం ఇంకో కారణం. రాగానే ఏ రిజిస్టరు ఎట్లా రాయాలి, పై ఆఫీసుకు ఏ కాగితం ఎప్పుడు పంపాలి అని అడుగుతారు. అవి ఆఫీసు గుమస్తాను అడగండి, నాకంటే బాగా చెబుతాడు అంటాను. వాళ్ళ ముఖం కొంచెం చిన్నబోతుంది.

నేను చెప్పగలిగింది వేరే ఉంది. బడిని ఎట్లా నడపాలో చెప్పే సిద్ధాంతాన్ని పుస్తకంలోంచి తీసుకొచ్చి ఒక పల్లెటూరి బడిలో పెడితే ఏమవుతుందో చెప్పగలను. నేను పెట్టి చూశాను. చాలావరకు పనిచేసింది. పనిచేయని చోట తప్పు సిద్ధాంతానిది కాదు, నాది. ఆ తప్పు వల్ల ఒక పదకొండేళ్ళ పిల్ల చదువు ఆగిపోబోయింది. నాకు ఎప్పుడెప్పుడు ప్రమోషన్లు వచ్చాయో పక్కన పెట్టి, ఆ సంగతే రాస్తున్నాను.

మిర్యాలగూడ పెద్దసారు

నా మొదటి ఉద్యోగం మిర్యాలగూడలో, బయాలజీ టీచరుగా. చుట్టూ రైస్ మిల్లులు. పొద్దున తుడిచిన బల్లల మీద మధ్యాహ్నానికి మళ్ళీ ఊక దుమ్ము. అక్కడి హెడ్మాస్టరును మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. అరిచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. సాయంత్రం గంట కొట్టాక స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, బ్యాగులు సర్దుకుంటున్న మమ్మల్ని ఒక్కొక్కరినీ ఒకటే అడిగేవారు.

"ఇయ్యాల ఎవరికి రాలె?"

మొదటిరోజు నేను హుషారుగా, "అందరికీ అర్థమైంది సార్" అన్నాను. ఆయన నవ్వారు. "అందరికి అర్థమైందంటే నువ్వు ఎవల్నీ అడగలేదన్నట్టమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు కోపంతో అన్నం సయించలేదు. మర్నాటి నుంచి మాత్రం పాఠం చెబుతున్నంతసేపూ, సాయంత్రం ఏ పేరు చెప్పాలా అని పిల్లల ముఖాలు చూడడం మొదలుపెట్టాను. పేరు చెప్పినందుకు ఆయన ఎవరినీ ఏమీ అనేవారు కాదు. కాగితం మీద రాసుకునేవారూ కాదు. రేపు ఆ పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టుకో అని చెప్పి వెళ్ళిపోయేవారు. అంత పెద్ద మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం.

ఐదు రోజుల శిక్షణ

హెడ్మిస్ట్రెస్ అయ్యాక నన్ను హైదరాబాదులో ఐదు రోజుల నాయకత్వ శిక్షణకు పంపారు. ఇలాంటి శిక్షణల గురించి మా వాళ్ళు ఎగతాళిగా మాట్లాడతారు. టీ బాగుంటుంది, పాఠం బాగుండదు అంటారు. వాళ్ళతో నాకు పేచీ. నాకు ఆ ఐదు రోజులూ కళ్ళు తెరిపించాయి. అప్పటిదాకా హెడ్మాస్టరంటే గేటు, గంట, సంతకం అనుకున్నాను.

అక్కడ పాఠం చెప్పినావిడ సన్నగా, గట్టిగా మాట్లాడే మనిషి. హెడ్మాస్టరు అసలు పని పిల్లలకు చదువు అందుతోందా లేదా చూడడం, మిగతావన్నీ దాని తర్వాతే అన్నారు. పెద్దరికం ఒక్క కుర్చీలోనే ఉండిపోకూడదు, టీచర్లందరికీ పంచాలి అన్నారు. మనకేదో అనిపించిందని కాక, లెక్క చూసి నిర్ణయం తీసుకోవాలి అన్నారు. మూడూ నిజమే. ఈరోజుకీ నేను వాటిలో ఒక్క ముక్క కాదనను. మూడోదాన్ని నేను సగమే విన్నానని తర్వాత తెలిసింది. లెక్క చూడమన్నారు గానీ, ఆ లెక్క ఎట్లా పుట్టిందో కూడా చూడమనే కదా అర్థం.

చివ్వెంల దారిలో బడి

బడి చివ్వెంల మండలంలో, పెద్దరోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో. పేరు రాయను. ఆరు నుంచి పది దాకా తరగతులు. పిల్లల్లో ఎక్కువమంది ఊరివాళ్ళు, మిగతావాళ్ళు చుట్టుపక్కల తండాల నుంచి వచ్చేవాళ్ళు. తండా పిల్లల్లో పెద్దవాళ్ళకు సైకిళ్ళుండేవి. ఆరో తరగతి చిన్నవాళ్ళు ఆటోలో వచ్చేవారు. టీచర్లమంతా సూర్యాపేట నుంచి బస్సులోనో బైకుల మీదో దిగేవాళ్ళం.

ఆరో తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామంది తెలుగు వాచకంలో ఒక పేరా తడబడకుండా చదవలేకపోయేవారు. చదవడమే రాకపోతే నా బయాలజీ ఎవరికెక్కుతుంది? శిక్షణ నుంచి వచ్చిన వారంలోనే స్టాఫ్ మీటింగు పెట్టాను. ప్రార్థన కాగానే మొదటి పీరియడ్ ఇక నుంచి చదివే గంట. ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, చదవగలిగినదాన్ని బట్టి ఏ, బీ, సీ గ్రూపులుగా కూర్చోబెడతాం. లెక్కల సారైనా, డ్రిల్లు సారైనా ప్రతి టీచరూ ఒక గ్రూపు చూడాలి. నేనూ ఒకటి చూస్తాను. పొద్దున పిల్లల బుర్ర చురుగ్గా ఉంటుంది కాబట్టి మొదటి పీరియడే దానికి సరి.

"నాకే తెలుగు సక్కగ సదువరాదు మేడం, నేనేం సదివిస్త?" అని లెక్కల సారు అందరినీ నవ్వించాడు. నెల తిరిగేసరికి ఆయన గ్రూపే అందరికంటే ముందుంది. పాత పెళ్ళిపత్రికలు, విత్తనాల సంచులు, మందు డబ్బాల మీది కాగితాలు తెచ్చి చదివించాడు. డ్రిల్లు సారు గ్రౌండులో ముగ్గుపిండితో అక్షరాలు రాసి, తాను పలికిన అక్షరం మీదికి పిల్లల్ని గెంతించాడు. నేను చెప్పింది కాదది, వాళ్ళకు వాళ్ళే కనిపెట్టుకున్నారు. పెద్దరికం పంచితే మనుషులు ఎంత ఎత్తుకు లేస్తారో నేను కళ్ళారా చూశాను. వరండాలో నడుస్తుంటే ప్రతి గదిలోంచీ చదువుతున్న గొంతులు వినిపించేవి. నా సర్వీసు మొత్తంలో అంత సంతోషపడ్డ రోజులు లేవు.

సీ గ్రూపు

నెలకోసారి రెండో పీరియడ్‌లో ప్రతి పిల్ల చేతా ఒక పేరా చదివించేవాళ్ళం. చదివే గంటను పరీక్షకు వాడుకోవడం నాకిష్టం లేదు, అందుకని రెండో పీరియడ్. వచ్చిన ఫలితాన్ని చార్టు గీసి నా గది బయట వేలాడదీశాను. సీ నుంచి బీకి, బీ నుంచి ఏకి పిల్లలు ఎక్కుతున్నారు. హాజరు పట్టీలు నిండుగా ఉన్నాయి. పత్తి ఏరే రోజులు వచ్చేసరికి సీ గ్రూపులో పద్నాలుగు మందే మిగిలారు. అందులో తొమ్మిది మంది ఒకే తండా పిల్లలు, అందరూ ఆరో తరగతే.

కారణం నాకు వెంటనే తట్టింది. "ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, తెలుగు వాళ్ళకు బడి భాష, కొంచెం ఆలస్యమవుతుంది" అని మీటింగులో చెప్పాను. అందరూ తలలూపారు. అదే తండా నుంచి సైకిళ్ళ మీద వచ్చే ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు అప్పటికే బీలోనూ ఏలోనూ ఉన్నారు. ఆ సంగతి నా చార్టులోనే ఉంది. నేను చూడలేదు, చూడమని ఎవరూ అనలేదు.

ఒక్క సుగుణ టీచరు మాత్రం తల ఊపలేదు. ఆమెది కోదాడ. తెలుగు టీచరు, మా అందరిలోకీ సర్వీసులో చిన్నది. ఆరో తరగతికి క్లాస్ టీచరు, సీ గ్రూపు కూడా ఆమెదే. "మేడం, ఈ పిల్లలకి పొద్దున్నే అంటే..." అని ఏదో మొదలుపెట్టింది.

"సుగుణా, సమస్యలు నాకు తెలుసు. పరిష్కారం ఉంటే చెప్పు. మొదటి పీరియడ్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. సమస్య కాదు, పరిష్కారం తెండి అనడం శిక్షణలో నేర్చుకున్న మాటే. వినడానికి ఎంత దర్జాగా ఉంటుందో! సుగుణ కూర్చుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఇక్కడొక మాట. ఆ దర్జా మాటను దయచేసి వాడకండి. సమస్యను సరిగ్గా చెప్పగలిగిన టీచరు ఉంటే సగం పని అయినట్టే, ఆమెను కూర్చోబెట్టి ముందు అది వినండి.

ఆ నెల ప్రోగ్రెస్ కార్డుల్లో సీ గ్రూపు పిల్లల పేర్లకెదురుగా 'చదవడం రాదు' అని రాసి, నా సంతకం పెట్టి ఇళ్ళకు పంపాను. తల్లిదండ్రులకు నిజం తెలియాలి కదా అనుకున్నాను. ఆ వారమే కోదాడలో జరగబోయే హెడ్మాస్టర్ల సమావేశంలో మా చదివే గంట గురించి మాట్లాడమని పిలుపొచ్చింది. ఉబ్బిపోయాను.

మంగ్లి వచ్చిన పొద్దు

సమావేశానికి మూడు రోజుల ముందు, ప్రార్థనకు ఇంకా టైముంది. గేటు ముందు ఆటో ఆగింది. నిండా పత్తికి పోయే ఆడవాళ్ళు. ఒకామె దిగి గబగబా నా గదిలోకి వచ్చింది. ఆరో తరగతి అనూష తల్లి మంగ్లి. చేతిలో ప్రోగ్రెస్ కార్డు.

"మేడం, మా అనూష పేరు కొట్టేయుండ్రి" అంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. పిల్ల రెండు రోజులుగా బడికి రావడం లేదని అప్పుడు తెలిసింది. ఆడపిల్ల చదువు గురించి నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విని, కార్డు నా బల్ల మీద పెట్టింది.

"మీరే రాసిన్రు గద మేడం, దీనికి సదువరాదని. మా తండల పెద్దపిల్లతోని సదివిచ్చుకున్న. రానిదాన్ని దినాం ఆటోల ఏసి పంపుడెందుకు? నాతోని పత్తికొస్తే జర నాకు ఆసరైతది. నేను దాన్ని కొట్టలె, తిట్టలె. రాకుంటే రాదు, ఏంజేస్తం?"

ఆ మాటల్లో కోపం లేదు. నన్ను నమ్మి, నేను రాసినదాని ప్రకారం నడుచుకుంటోంది. బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. "పోవాలె మేడం, గీళ్ళను దింపినంకనే పిల్లలను ఎక్కిచ్చుకొస్తడు" అంటూ ఆమె వెళ్ళిపోయింది.

ఆ చివరి మాట దగ్గర నా బుర్ర ఆగింది. కూలీలను చేన్ల దగ్గర దించి, మళ్ళీ తండాకు పోయి, పిల్లల్ని ఎక్కించుకుని రావాలంటే ఎంతసేపు పడుతుంది?

ఆరోజు నేను నా గ్రూపుకు పోలేదు. వంటషెడ్డు పక్కన వెనక గేటుంది, తండా దారి అటే. అక్కడ నిలబడ్డాను. ప్రార్థన అయింది. చదివే గంట మొదలైంది. అన్ని గదుల్లోంచీ గొంతులు వస్తున్నాయి. చదివే గంట అయిపోయింది. పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఎవరి తరగతికి వాళ్ళు పరుగెత్తుతున్నారు. రెండో పీరియడ్ గంట కొట్టాక ఆటో వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు దూకి ఆరో తరగతి వైపు ఉరికారు. గది గుమ్మంలో సుగుణ టీచరు హాజరు పట్టీ తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. ఒక్కొక్కరు లోపలికి వెళ్తుంటే ఒక్కొక్క గుర్తు వేస్తోంది.

నాట్ల రోజుల నుంచీ అదే జరుగుతోంది. నేను ముందువైపు గదిలో నా 'ఏ' గ్రూపుతో మురిసిపోతూ కూర్చునేదాన్ని. గ్రూపులు కలిపేశాం కాబట్టి, కనిపించని పిల్ల వేరే గదిలో ఉందని మిగతా టీచర్లంతా అనుకున్నారు. పట్టీలో హాజరుంది. పరీక్ష రెండో పీరియడ్‌లో కాబట్టి దానికీ అందరూ ఉన్నారు. చదివే గంటకు మాత్రం ఆ తొమ్మిది మంది ఒక్కరోజూ లేరు.

సుగుణ దాచింది

సుగుణను గదికి పిలిచి అరిచాను. దొంగ హాజరు వేస్తావా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

ఆమె తలవంచుకోలేదు. "మీటింగులో చెప్పబోయానండి మేడం. మీరు వినలేదు" అంది. "పొద్దున్నే ఆబ్సెంట్ వేస్తే నెలాఖరికి సగం రోజులు కూడా ఉండవు. మీరు ఇంటికి కబురు పెడతారు, వాళ్ళు మాన్పించేస్తారు. వచ్చాక వేస్తే పిల్లలు బళ్ళోనన్నా ఉంటారు కదా అనుకున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఓ పావుగంట కూర్చోబెట్టుకుంటున్నాను. అనూషకి అక్షరాలన్నీ వచ్చేశాయండి. కూడబలుక్కుని చదువుతోంది. మీరు పరీక్ష చేసేటప్పుడు బెదిరిపోయి నోరిప్పదు" అంది.

సుగుణ చేసింది తప్పే. పట్టీలో ఉన్నది ఉన్నట్టు ఉంటే నేను రెండో వారంలోనే అడిగేదాన్ని. ఇది చదివే మీరు ఎంత మంచి మనసుతోనైనా సరే హాజరు మార్చకండి. కానీ నిజం చెబితే పిల్లలకు నష్టమవుతుందని ఒక మంచి టీచరు భయపడే బడిని తయారుచేసింది నేను. తన అన్నం వేళలో ఆ పిల్లల్ని పట్టుకుని కూర్చున్నదీ ఆమె ఒక్కతే. కోపం దిగాక క్షమించమని అడిగాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

సాయంత్రం అందరం కూర్చున్నాం. ఈసారి సుగుణ మాట్లాడింది, మేం విన్నాం. చదివే గంటను మూడో పీరియడ్‌కు మార్చుదామంది. అయితే మొదటి పీరియడ్‌లో ఏది పెడితే ఆ పిల్లలకు అదే పోతుంది. అందుకని ఆరో తరగతికి మొదటి పీరియడ్‌లో కొత్త పాఠం చెప్పకుండా, నిన్నటిదే మళ్ళీ చేయిద్దామంది. లెక్కల సారు ఒక్కమాటలో తేల్చేశాడు. "నా మూడో పీరియడ్ తీసుకోండ్రి మేడం. నా లెక్కలు ఎప్పుడు చెప్పినా అట్లనే ఉంటయి." హాజరు పట్టీలో ఇక నుంచి ఏ పీరియడ్‌కు వచ్చిందీ రాయాలనుకున్నాం. శిక్షణలో చెప్పిన పెద్దరికం పంచుకోవడం మా బడిలో నిజంగా జరిగింది ఆ సాయంత్రమే.

కోదాడ సమావేశం

కోదాడకు సుగుణను కూడా వెంటబెట్టుకుని పోయాను. చదివే గంట గురించి చెప్పాను, మా టీచర్ల గొప్ప చెప్పాను. తర్వాత ఆటో గురించి, పట్టీ గురించి, నా సంతకం గురించి చెప్పాను.

టీ తాగేటప్పుడు ఒక సీనియర్ హెడ్మాస్టరు దగ్గరికొచ్చి, "మంచిగున్నదాన్ని ఎందుకు ఖరాబు చేసుకున్నరు మేడం? మొదటి సగం చెప్పి కూసుంటే అయిపోతుండె" అన్నాడు. మంచికే అన్నాడు. ఆ వెనకే హుజూర్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. అతను ఒక్కటే అడిగాడు. "మేడం, ఆ పాప మళ్ళీ బడికొచ్చిందా?"

రాలేదు. ఆ మూడు రోజుల్లో టైంటేబుల్ మార్చాను, పట్టీ మార్చాను, ఉపన్యాసం మార్చాను. పిల్ల ఇంటికి మాత్రం పోలేదు. "కబురు పెట్టాను" అన్నాను. అతను మర్యాదగా తలూపాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరుగు బస్సులో సుగుణతో, "చివ్వెంల దగ్గర దిగుదాం" అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

పత్తి చేను

తండాలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. చేను ఎటో ఒక ముసలాయన చేయి చూపించాడు. గట్ల మీద నడిచి పోయేసరికి ఎండ వాలుతోంది. ఆడవాళ్ళు నడుముకు సంచులు కట్టుకుని వరుసల్లో పత్తి ఏరుతున్నారు. మంగ్లి పక్క వరుసలో అనూష. దాని నడుముకూ ఒక చిన్న సంచి. వేళ్ళ మీద పత్తికాయ గీరిన గీతలు. నన్ను చూడగానే తల్లి వెనక్కి జరిగింది.

బడిలో ఏం జరిగిందో మంగ్లికి చెప్పాను. చదివించేది మొదటి పీరియడ్‌లోనని, ఆటో ఆ తర్వాత వస్తోందని, నేను చూసుకోలేదని చెప్పాను. చుట్టూ వరుసల్లో చేతులు ఆగిపోయాయి. మంగ్లి నా ముఖంలోకి చూసింది.

"నాకెందుకు చెప్తున్నరు మేడం? రాదని రాసింది దానికి గద. దానికే చెప్పుండ్రి."

అన్నేళ్ళ సర్వీసులో నేను ఏ పిల్లకూ అట్లా చెప్పలేదు. పత్తి చాళ్ళ మధ్య గొంతుక్కూర్చున్నాను. "అనూషా, తప్పు నాది. నువ్వు రాకముందే చదివించేసి, నీకు చదవడం రాదని రాశాను. నీకు చదువు వస్తుంది. సుగుణ టీచర్ చెప్పింది" అన్నాను.

అనూష గిరుక్కున తల్లి వైపు తిరిగి లంబాడీలో ఏదో గట్టిగా అంది. గొంతులో ఏడుపు, దానికంటే ఎక్కువ కోపం. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఎవరూ నవ్వలేదు.

"ఏమంటోంది మంగ్లీ?" అని అడిగాను.

మంగ్లి వంగి, కూతురి నడుముకున్న సంచి ముడి విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ చెప్పింది.

"'నీకు దినాం చెప్పిన గదనే అమ్మా, నేను పోకముందే చదివిచ్చుడు అయిపోతాందని' అంటాంది మేడం. చెప్పింది నిజమే. నేనే నమ్మలె. కాయితం మీద మీ సంతకం ఉండె గద."